గోడ పక్కన నడక

(ఆదివారం రాతలు - 14)

"మేడం, మా ఇంటి ముందు ఆపకుండా ఉంటే బాగుండేది."

రాత్రి పదకొండు దాటాక వచ్చిన మెసేజ్ ఇది. పంపింది నా స్టూడెంట్. ఆ రోజు పొద్దున్నే ఇరవై మూడు మంది పిల్లల్ని వెంటేసుకుని విశాఖ వన్‌టౌన్‌లో హార్బరు గోడ వెంబడి మూడు గంటలు నడిచాను. ఫోటోలు పెట్టాను. "జై భీమ్ అక్కా", "మా ఊళ్లో కూడా ఇలాంటి నడక పెట్టండి" అని మీరందరూ రాసినవి చదువుకుని, కాళ్ల నొప్పుల్తో హాయిగా పడుకున్నాను. ఆ ఒక్క వాక్యం చూసి లేచి కూర్చున్నాను.

ఈ వారం జాషువా గురించి రాస్తానని మాటిచ్చాను. అది వచ్చే వారానికి. ముందు ఇది రాయాలి.

ఇంకో మాట. ఇది ఆ అమ్మాయికి చూపించాకే ఇక్కడ పెడుతున్నాను. చదివి రెండు చోట్ల కొట్టేసింది. ఒకచోట ఒక మాట కలపమంది. పేరు, ఏ ఇయరు, ఏ వీధి అన్నవి రాయొద్దంది. రాయలేదు. మీరెవరూ కనిపెట్టే ప్రయత్నం చెయ్యకండి.

అసలు ఈ నడక ఎందుకు పెట్టానో చెప్పాలి. పోయినేడు ఒక ఆదివారం హెరిటేజ్ వాక్ ఉందంటే వెళ్లాను. ఎవరు పెట్టారన్నది అనవసరం. గైడ్ బాగా చదువుకున్నవాడు, గొంతు కూడా మంచిది. రాణీ బొమ్మ దగ్గర కలుసుకున్నాం. అది విక్టోరియా రాణి విగ్రహం, కానీ వన్‌టౌన్‌లో ఆవిడకి పేరు లేదు, వట్టి రాణీ బొమ్మ. ఒకప్పుడు సగం ప్రపంచం ఏలినావిడ ఇప్పుడు ఆటోవాళ్లకి గుర్తు. అక్కడి నుంచి కురుపాం మార్కెట్, పాత పోస్టాఫీసు, క్వీన్ మేరీ స్కూలు, టౌన్ హాలు. ఏ రాజు ఎంత చందా ఇచ్చాడు, ఏ దొర ఎక్కడ బంగళా కట్టుకున్నాడు, అన్నీ చెప్పాడు. కొన్ని నాకు తెలియనివే, రాసుకున్నాను కూడా.

తర్వాత మూడు కొండలు చూపించాడు. రాస్ హిల్ మీద మేరీమాత గుడి, దర్గా కొండ మీద ఇసాక్ మదీనా దర్గా, పక్క కొండ మీద వెంకటేశ్వరస్వామి. ఓడలు లోపలికొచ్చే దారికి ఎదురుగా మూడు మతాలూ వరసగా నిలబడి ఉంటాయి. "ఇదీ మన వైజాగ్ సామరస్యం" అన్నాడు. అబద్ధం కాదు. నా టెన్త్ పరీక్షలప్పుడు మా అమ్మ మూడు కొండలూ ఎక్కి మూడు చోట్లా మొక్కింది. బురుజుపేట కనకమహాలక్ష్మికి వేరే మొక్కుంది, ఆ తల్లిని మధ్యలో పూజారి లేకుండా ఎవరి చేత్తో వాళ్లే తాకొచ్చు కాబట్టి మా అమ్మకి ఆవిడంటే ఇంకాస్త చనువు. కానీ కొండల మీద ఎవరూ కాపురం ఉండరు కదా. కాపురాలు కింద సందుల్లో. సామరస్యం సంగతి ఆ సందుల్లో అడగాలి.

కొండల తర్వాత దారి హార్బరు గోడ పక్కకి తిరిగింది. గాలి మారింది. బొగ్గు పొడి, ఉప్పు, ఎండు చేప, డీజిలు కలిసిన వాసన. గైడ్ వెనక్కి తిరిగి, "ఇక్కడ చూడ్డానికేం లేదండీ, కొంచెం స్పీడుగా నడుద్దాం" అన్నాడు. అందరూ ముక్కులకి కర్చీఫులు అడ్డం పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను. ఆ గోడకి అవతల మా నాన్న ముప్పై రెండేళ్లు బరువులు మోశాడు. చూడ్డానికేం లేదు అన్న మాటకి నేను నోరెత్తలేదు. స్పీడుగా నడిచాను.

ఇంటికొచ్చాక కోపం వచ్చింది. మనకి కోపం ఎప్పుడూ ఇంటికొచ్చాకే వస్తుంది. అయితే నేనే పెడతాను, మన వాళ్ల నడక, అనుకున్నాను.

మా నాన్న గురించి నేను ఎక్కడా సూటిగా చెప్పలేదని కూడా ఒప్పుకోవాలి. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో "ఫాదర్ ఏం చేస్తారమ్మా?" అంటే "పోర్టులో ఉద్యోగం సార్" అన్నాను. హాస్టల్లోనూ అదే మాట. ఉద్యోగం అనే మాట ఎంత మంచిదో చూడండి. అందులో ఆఫీసరూ పడతాడు, గుమాస్తా పడతాడు, ఎరువు బస్తాకి కొక్కెం వేసి వీపు మీదకి లాక్కునేవాడూ పడతాడు. నా పరిశోధన ఉత్తరాంధ్ర కథల్లో శ్రామిక జీవితం మీద. రావిశాస్త్రి కథలు మొదటిసారి చదివినప్పుడు ఒళ్లు జలదరించింది, మా సందులో మాట అచ్చులో ఉంది! ఆ మాట అచ్చు వేసుకోదగ్గదని నాకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు. నాలుగు వందల పేజీల థీసిస్ రాశాను. అందులో శ్రామికుడు అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. అంకితం పేజీలో మాత్రం "మా తల్లిదండ్రులకు" అని ఊరుకున్నాను.

నడకకి నోట్సు తయారు చేసుకోడానికి రెండు నెలలు పట్టింది. ఆ సరదా వేరు. కొంత మీకూ చెబుతాను.

హార్బరు అనగానే సముద్రం ఒడ్డున కట్టింది అనుకుంటాం. విశాఖలో లోపలి హార్బరు సముద్రం కాదు, బురద. యారాడ కొండ వెనక ఉప్పుటేరు, చిత్తడి నేల. దాన్ని తవ్వి, బురద తోడి, ఓడ తిరిగేంత లోతు చేశారు. కట్టించింది బెంగాల్ నాగపూర్ రైల్వే. 1931లో రాయపూర్ నుంచి విజయనగరం రైలు మార్గం పూర్తయింది, 1933 అక్టోబర్ 7న జలదుర్గ అనే మొదటి ఓడ లోపలికొచ్చింది. రైలు ముందు, ఓడ తర్వాత. ఎందుకంటే మధ్య పరగణాల మాంగనీసు బయటికి పోవాలి. 1960ల్లో బైలదిల్లా నుంచి కొత్తవలస దాకా ఇంకో రైలు మార్గం వేసి ఇనప రాయి జపాన్‌కి పంపారు. ఆదివాసుల కొండ ఒక చివర, ఓడ ఇంకో చివర, మధ్యలో మా నాన్నలాంటి వాళ్ల వీపు. ఈ ముక్క చెప్పినప్పుడు పిల్లలు ఫోన్లు దించి విన్నారు.

అలల్ని ఆపడానికి హార్బరు మూతి దగ్గర రెండు పాత ఓడల్లో రాళ్లు నింపి ముంచేశారు. నాకు ఆ విషయం చాలా ఇష్టం. అరిగిపోయిన ఓడలు కూడా చివరికి బరువే మోశాయి.

హార్బరు లేనప్పుడు కూడా ఇక్కడి నుంచి జనం ఓడెక్కారు. ఓడ సముద్రంలో దూరంగా ఆగేది, ఒడ్డు నుంచి పడవల్లో అలల మీద ఎగిరెగిరి వెళ్లి ఎక్కాలి. పోయేది రంగానికి. రంగూన్ అని ఇప్పుడు పుస్తకాల్లో రాస్తాం, మా అమ్మమ్మ చచ్చేదాకా రంగం అనే అంది. ఉత్తరాంధ్ర ఊళ్లలో కరువొస్తే, దొరతో తగువొస్తే, అప్పు తీరకపోతే రంగం. మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు, ఓడ ఎక్కిస్తాడు, అక్కడ రేవులో కూలికి పెడతాడు, ఇక అతని బాకీ తీరదు. అక్కడ మనవాళ్లని కొరంగీలు అన్నారు. అది గౌరవంగా అన్న మాట కాదు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. వాళ్ల బదులు బర్మా వాళ్లని పనిలో పెట్టారు. సమ్మె తీరి మనవాళ్లు పనికి తిరిగొచ్చిన రోజు కొట్లాట మొదలై ఊరంతా పాకింది. వంద మందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువ మంది మనవాళ్లే. ఒక పేద కూలివాడి మీదికి ఇంకో పేద కూలివాణ్ణి తోలిన కంపెనీల వాళ్లకి ఒక గీత కూడా పడలేదు. 1942లో జపాన్ బాంబులకి భయపడి బర్మా నుంచి లక్షల మంది అడవుల్లో కొండల్లో నడిచి వెనక్కొచ్చారు. వేల మంది దారిలో పోయారు. 1960ల్లో మళ్లీ వెళ్లగొడితే వచ్చినవాళ్ల గుర్తుగా విశాఖలో ఇప్పటికీ బర్మా క్యాంపు ఉంది. మా అమ్మమ్మ అన్నగారు రంగం వెళ్లాడు. నడిచి వచ్చినవాళ్లలో లేడు, ఓడలో వచ్చినవాళ్లలోనూ లేడు. ఆయన పేరున మా ఇంట్లో ఫోటో లేదు, తద్దినం లేదు. ఒక ఇత్తడి గిన్నె ఉంది.

నడక ముందు రోజు రాత్రి మా నాన్నని పిలిచాను. "నువ్వూ రా నాన్నా, నీ నోటితో చెబుదువుగాని."

"అక్కడేటుందే సూడ్డానికి? ముప్పై రెండేళ్లు సూసీసేను, సాల్దా?" అన్నాడు. కాసేపయ్యాక పడుకోబోతూ మళ్లీ, "ఎళ్తే నోటికి గుడ్డ కట్టుకోండి. పిల్లలకి సెప్పు" అన్నాడు.

ఆరింటికి రాణీ బొమ్మ దగ్గరే మొదలెట్టాం, కావాలనే. ఫిబ్రవరి, ఇంకా చలి ఉంది. ఎవరో అబ్బాయి ఇడ్లీలు తెచ్చాడు. మొదటి గంట బాగా నడిచింది. గోడ పక్కకి రాగానే పిల్లలు అడిగిన మొదటి ప్రశ్న, "మేడం, సముద్రం ఏది?" మంచి ప్రశ్న. వన్‌టౌన్‌లో సముద్రం వందడుగుల దూరంలో ఉన్నా కనబడదు. గోడ, ముళ్లకంచె, గేటు, తుపాకీ పట్టుకున్న కాపలా. పైన క్రేన్ల తలలు మాత్రం కనబడతాయి. ఇదే ఊళ్లో బీచ్ రోడ్డు వైపు వెళితే సముద్రాన్ని బల్ల మీద పెట్టి వడ్డించినట్టు ఉంటుంది. బెంచీలు, విగ్రహాలు, జలాంతర్గామి మ్యూజియం, మొక్కజొన్న పొత్తులు. ఒకే నీళ్లు. చూసేవాళ్లకి ఒక వైపు, మోసేవాళ్లకి ఒక వైపు. 2023లో పెద్ద ఓడల్లో షికారు వచ్చేవాళ్ల కోసం హార్బరులోనే అద్దాల టెర్మినల్ ఒకటి తెరిచారు. దిగినవాళ్లు కారెక్కి అరకు వెళతారు. వన్‌టౌన్ సందుల్లోకి రావల్సిన పని వాళ్లకి లేదు.

ఒక స్కూటర్ సీటు మీద నల్లటి పొడి పేరుకుని ఉంటే ఒక పిల్ల వేలితో తన పేరు రాసింది. ఇంకొకడు దాని కింద జై భీమ్ అని రాశాడు. స్కూటర్ ఆయన వచ్చి చూసి ఏమీ అనలేదు, గుడ్డతో తుడుచుకుని వెళ్లిపోయాడు. రోజూ తుడుచుకునేదేగా.

గోడకి అవతలి పని గురించి మా నాన్న చెప్పినవి చెప్పాను. మేస్త్రీ చెయ్యెత్తి చూపించినవాడికే పని దొరికే రోజులు. 1948లో డాక్ కార్మికుల చట్టం వచ్చాక బోర్డులు, రిజిస్టర్లు, హాజరు. రిజిస్టరులో పేరెక్కడం అంటే మా వాళ్లకి పెళ్లంత పండగ. ఆ పుస్తకంలో పేరుంటే ఓడ లేని రోజు కూడా ఎంతో కొంత వస్తుంది. మా నాన్న రిజిస్టరులోకి ఎక్కిన రోజు ఊళ్లో మాలపేటంతా బెల్లం పంచాడట తాత. ఎరువు ఓడ, గోధుమ ఓడ, గంధకం ఓడ. అన్నిటికన్నా గంధకం ఓడంటే భయం. కళ్లు మండిపోతాయి, రెండు రోజులు ఎర్రగా ఉంటాయి. చిన్నప్పుడు నాన్న కళ్లెర్రగా ఇంటికొస్తే తాగొచ్చాడని పక్కింటివాళ్లు అనుకునేవారు. తాగిన రోజులూ ఉన్నాయి, అది వేరే సంగతి.

ఆ తర్వాత నా నోట్‌బుక్‌లో "స్టాప్ 4" అని ఉంది.

అది పారిశుధ్య కార్మికుల వీధి. రెల్లి కుటుంబాలు. ఎక్కడో చెప్పనన్నాను కదా. నేను మధ్యలో నిలబడ్డాను, పిల్లలు అర్ధచంద్రంలా చుట్టూ నిలబడ్డారు. పది నిమిషాలు మాట్లాడాను, బాగానే మాట్లాడాను. ఊరిని శుభ్రం చేసేవాళ్లని ఊరు ఎక్కడ పెట్టింది, చేత్తో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒకసారి, 2013లో ఇంకోసారి చట్టం ఎందుకు చెయ్యాల్సి వచ్చింది, రెండో చట్టం కావల్సి వచ్చిందంటేనే మొదటిది ఏమైందో అర్థం చేసుకోండి అన్నాను. వర్గీకరణ గురించి కూడా చెప్పాను. కుళాయి దగ్గర ఒకావిడ బిందె నిండినా కుళాయి కట్టకుండా మమ్మల్నే చూస్తోంది. బయట మంచం మీద తువ్వాలు భుజాన వేసుకుని కూర్చున్న పెద్దాయన లేచి లోపలికి వెళ్లి తలుపు దగ్గరికేశాడు. ఒకడు ఫోన్ ఎత్తితే "మనుషుల మొహాలు తియ్యకండి" అని హెచ్చరించాను. అంతటితో నా నీతి పూర్తయిందనుకున్నాను. వెనక వరసలో ఒక అమ్మాయి వంగి చెప్పు సర్దుకుంటోంది. చాలాసేపు సర్దుకుంది. తెగిందేమో అనుకున్నాను.

అక్కడి నుంచి చేపల రేవుకి వెళ్లాం. వేలంపాట చివరికొచ్చింది. వంజరం, చందువ అమ్ముడైపోయాయి, కానాగంతలు ఇంకా గుట్టగా ఉన్నాయి. తట్టల ఆడవాళ్లు పిల్లల్ని తోసుకుంటూ "తప్పుకోండి బాబూ, మీ సదువులు తరవాత" అని నవ్వారు. 2023 నవంబర్‌లో ఒక రాత్రి ఇక్కడే మంటలు లేచి బోట్లు వరసగా కాలిపోయాయి. ఏప్రిల్ 15 నుంచి అరవై ఒక్క రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలూ ఇంటి ఖర్చు ఎట్లా అని ఒక అబ్బాయి అడిగితే, ఒకాయన వల కుడుతూ, "నువ్వేటి తింతావో మేవూ అదే తింతాం, అప్పు సేసి" అన్నాడు. టీ తాగి విడిపోయాం. ఆ అమ్మాయి టీ తాగలేదు. అదీ తర్వాతే గుర్తొచ్చింది.

రెండు రోజుల తర్వాత స్టాఫ్ రూమ్‌కి వచ్చింది. అందరూ క్లాసులకి వెళ్లేదాకా వరండాలో నిలబడి, అప్పుడు లోపలికొచ్చింది.

"మీరు చెప్పినవేవీ తప్పు కాదు మేడం" అంది ముందు.

"మరి?"

"లోపలికి వెళ్లిపోయినాయన మా పెదనాన్న. రాత్రి డ్యూటీ చేసొచ్చి కూర్చున్నారు. ఇంకా స్నానం చెయ్యలేదు. మీరందరూ వచ్చి ఎదురుగా నిలబడ్డారు."

నాకు మాట రాలేదు.

"క్లాసులో అడిగితే మా అమ్మ కార్పొరేషన్‌లో చేస్తుందని చెప్తాను. అబద్ధం కాదు కదా మేడం?"

పోర్టులో ఉద్యోగం సార్. కాదమ్మా, అబద్ధం కాదు.

"మీరు మాల కదా మేడం" అంది తర్వాత. కోపంగా కాదు, రోల్ నంబరు అడిగినంత మామూలుగా. "మా గురించి పుస్తకాల్లో కూడా మీవాళ్లే రాస్తారా?"

వర్గీకరణ గురించి ఆ వీధిలో నిలబడి నేను చెప్పింది ఏమిటో ఇక్కడ మీకు చెప్పాలి. 2000లో ఉమ్మడి రాష్ట్రంలో చట్టం, 2004లో సుప్రీంకోర్టు కొట్టేయడం, 2024 ఆగస్టు 1న అదే కోర్టు రాష్ట్రాలకి ఆ అధికారం ఉందనడం, 2025లో ఆంధ్రప్రదేశ్‌లో మూడు గ్రూపులు చెయ్యడం. రెల్లి ఉపకులాలకి ఒక శాతం, మాదిగ ఉపకులాలకి ఆరున్నర, మాల ఉపకులాలకి ఏడున్నర. అంకెలన్నీ సరిగ్గానే చెప్పాను. ఆ ఏడున్నరలో నేనున్నానని చెప్పలేదు. మా ఇళ్లలో ఈ విషయం మీద ఎలాంటి మాటలు మాట్లాడుకుంటామో చెప్పలేదు. మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒకాయన ఆ ఒక్క శాతం మీద వేసిన జోకుకి నేను జవాబివ్వకుండా ఫోన్ పక్కన పెట్టేసిన సంగతి అసలే చెప్పలేదు.

లేచి వెళ్లబోతూ ఆ అమ్మాయి ఇంకో మాట అడిగింది. "మీ ఇంటి ముందు ఎందుకు ఆపలేదు మేడం?"

"మా ఇల్లా?"

"కుళాయి దగ్గర నిలబడింది మా అమ్మ. మిమ్మల్ని గుర్తుపట్టింది. మీ నాన్నగారు తెలుసంట. మీరు పుట్టిన ఇల్లు ఫలానా సందులో అంట కదా, మనం దాని ముందు నుంచే వెళ్లాం అంట."

నిజం. రెండో స్టాప్‌కి ముందు. ఆ సందు మొదట్లో ఎడమ చేతి వైపు మూడో గుమ్మం. సరిగ్గా అక్కడికి వచ్చినప్పుడు నేను ఏం చెబుతున్నానో నాకు బాగా గుర్తుంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు హార్బరు మీద బాంబులేసిన సంగతి, ఊరు ఊరంతా ఖాళీ అయిన సంగతి. చెబుతూ చెయ్యెత్తి, "అందరూ కుడివైపు చూడండి" అన్నాను. కుడివైపు గోడ తప్ప ఏమీ లేదు.

ఇరవై మూడు మంది కుడివైపు చూశారు. నేను ఎడమ వైపు చూడకుండా దాటాను.

అబద్ధం చెప్పడం లేదు, ఆ క్షణంలో అది నాకు తెలియలేదు. నోట్సు తయారు చేసుకున్న రెండు నెలల్లో ఒక్కసారి కూడా ఆ ఇల్లు ఒక స్టాప్ కావచ్చని తట్టలేదు. వేరేవాళ్ల వీధి మాత్రం తట్టింది. గైడ్ మీద సంవత్సరం పాటు కోపం మోశాను కదా. ఆయన మా వైపు చూడొద్దన్నాడు. నేను వాళ్ల వైపు చూడమన్నాను. ఆ పెదనాన్నకి ఈ రెండిట్లో ఏది నయమో నేను చెప్పలేను.

ఆ రాత్రి నాన్న దగ్గర కూర్చున్నాను. ఇన్నేళ్లలో అడగని ప్రశ్న అడిగాను. "మీ జట్టులో రెల్లివాళ్లు ఉండేవారా నాన్నా?"

"నేరు."

"ఎందుకు?"

"ఎవుడు అడిగేడు?" అన్నాడు. చాలాసేపు టీవీ చూశాడు. మాట్లాడడనుకుని లేవబోయాను. "మేం దించీవోళ్లం. గంధకం దించీసి పైకొచ్చీసేక, అడుగున మిగిల్నాది ఊడ్డానికి ఆళ్లు దిగీవోరు. పొడంతా అప్పుడే లేసీది. మా కళ్లు రెండ్రోజులు మండితే ఆళ్లకి వారం."

"మంచినీళ్లు?"

"ఆళ్ల కుండ ఆళ్లకుండీది."

నాన్న ఊరెందుకు వదిలి వచ్చాడో మా ఇంట్లో అందరికీ తెలుసు. వందసార్లు చెప్పాడు. ఊళ్లో టీ బడ్డీ దగ్గర మాలోళ్ల గ్లాసులు వేరుగా చూరులో దోపి ఉండేవట. పద్దెనిమిదేళ్ల వయసులో ఒకరోజు ఆ గ్లాసు నేలకేసి కొట్టి, ఆ రాత్రే రైలెక్కాడు. మా ఇంట్లో అది ఇతిహాసం. నేను సభల్లో కూడా చెప్పాను. చప్పట్లు కొట్టారు. హార్బరులో ఆ రెండో కుండ సంగతి ఇతిహాసంలో లేదు. ఇది మా నాన్న జట్టు సంగతి, అన్ని జట్లూ అంతే అని నేను అనను. అంబేడ్కర్ నిచ్చెన మెట్ల గురించి చెప్పింది క్లాసులో బోర్డు మీద గీసి మరీ చెబుతాను. మెట్టు మీద నిలబడ్డవాడి కాలు ఎక్కడుందో గీయలేదు.

"ఆ యమ్మ తెలుసు నాకు" అన్నాడు నాన్న. పేరు కూడా చెప్పాడు. "సీటీలు కడతాది. బాగా లెక్క."

ఆ అమ్మాయి కలపమన్న మాట కూడా అదే. "మేడం, మొత్తం చదివాను. మా అమ్మ ఇందులో బిందెతో నిలబడే ఉంది. మా అమ్మ చీటీలపాట నడుపుతుంది, ఇరవై మంది లెక్క పుస్తకం లేకుండా నోటితో చెప్తుంది. అది కూడా రాయండి." రాశాను. ఇద్దరూ ఒకరికొకరు తెలియకుండా ఒకే సంగతి చెప్పారు, నేను మాత్రం పది నిమిషాల ఉపన్యాసంలో దాని దరిదాపులకి వెళ్లలేదు.

ఆవిడకి క్షమాపణ చెప్పడానికి వెళ్లొచ్చా అని ఆ అమ్మాయిని అడిగాను. ఆలోచించి, "ఒక్కరే రండి. ఆదివారం వద్దు, ఆదివారం అమ్మ పడుకుంటుంది" అంది. వెళ్లాను. అక్కడ మాట్లాడుకున్నదే ఆ అమ్మాయి కొట్టేసిన రెండు చోట్లలో ఒకటి.

పోయిన శుక్రవారం సాయంత్రం నాన్నా నేనూ పాత సందుకి వెళ్లాం. ఆయన మధ్యలో రెండుసార్లు ఆగాడు, ఊపిరి కోసం. మూడో గుమ్మం ఇప్పుడు ఆకుపచ్చ రంగులో ఉంది. ఒరిస్సా నుంచి వచ్చిన కుటుంబం అద్దెకుంటోంది, ఆయన కంటైనర్ల దగ్గర పని. ఆయన భార్య మమ్మల్ని అనుమానంగా చూసి "ఎవరు కావాలి?" అంది. నాన్న గుమ్మం పక్క గోడ తడుముతూ, ఇక్కడ నేను మేకు కొట్టేను, కొక్కెం తగిలించీవోణ్ణి అన్నాడు. మేకు ఉంది. దానికి ఇప్పుడు పిల్లాడి స్కూలు సంచి వేలాడుతోంది. ఆవిడకి వచ్చీరాని తెలుగులో, నాకు రాని ఒడియాలో మాట్లాడుకున్నాం. పిల్లల్ని తీసుకురావచ్చా అని అడిగాను, ఎంతమంది, ఎంతసేపు, ఎందుకు, అన్నీ చెప్పి. భర్తని అడిగి ఫోన్ చేస్తానంది. నిన్న ఫోన్ చేసింది. పావుగంట అంది, లోపలికి రావద్దంది.

కాబట్టి రెండో నడక వచ్చే నెల మొదటి ఆదివారం. రాణీ బొమ్మ దగ్గర కాదు, పాత పోస్టాఫీసు బస్టాపు దగ్గర ఆరింటికి కలుద్దాం. ఒక్కటే స్టాప్ అనుకున్నాను, మిగతాది నడవడమే. మా నాన్న వస్తానన్నాడు, మాట్లాడతాడో లేదో తెలియదు. స్టాప్ 4 లేదు. మంచినీళ్లు ఎవరివి వాళ్లు తెచ్చుకోండి, కాదు, రెండు పెద్ద క్యాన్లు నేనే తెస్తాను, గ్లాసులు కూడా. నోటికి గుడ్డ మర్చిపోకండి.